కంటి ముందటి ఈగలు

మాఘమాసపు ప్రొద్దుటివేళ ధవళేశ్వరము ఆనకట్టపై నిలిచి ఎగువకు చూచినచో గోదావరి పారుచున్నట్లు తోచదు. శ్రావణమునాటి ఎర్రనీరు ఎన్నడో కడలి చేరినది. ఇసుకయు, ఒండ్రుమన్నును అడుగునకు దిగి, తేరిన నీరు ఈ యొడ్డునుండి ఆ యొడ్డువరకు వెండిపళ్ళెమువలె నిలిచియుండును. పైన ఆకాశము తెలుపు, క్రింద నీరు తెలుపు. నడుమ లంకల గీత యొక్కటియే నలుపు. అట్టి తెలుపును చూచుచుండగా, నాలుగేండ్లుగా మాకు పరిచయమైన చిన్న దారపుపోగు ఒకటి, చివర రెండు పూసలతో, మా కుడికంటిలో మెల్లగా ఈదుచు వచ్చినది. దానిని నిదానించి చూడబోతిమి, ప్రక్కకు జారినది. చూపు మరల్చితిమి; మరల వచ్చినది.

మేము అచ్చటికి పోయినది కన్నుల సంగతికై కాదు. పులసచేపలు పట్టువారి మాటలను ధ్వనిముద్రణ చేసికొనుటకై పోయితిమి. రేవులో పడవప్రక్కన కూర్చుండి వల బాగుచేసికొనుచున్న పెద్దాయన ఒకడు మా చూపుల తడబాటును కనిపెట్టి పలుకరించెను.

"ఏంటండి బాబూ, కంట్లో నలక పడిందా?"

"నలక కాదు పెద్దాయనా. దారప్పోగులాంటిది ఏదో కనబడుతూ ఉంటుంది. చూద్దామంటే దొరకదు."

ఆయన చేతిలోని దారము క్రింద పెట్టెను. "నాకూ అలాగే మొదలైందండి. ఆయ్! మొన్న శ్రావణంలో. ఎర్రనీరు జోరుమీదుంది. రాత్రి పడవలో ఉండగా ఎడంకంట్లో ఓ పక్కన మెరుపు మెరిసినట్టయ్యింది. మబ్బేమో అని చూస్తే మబ్బు లేదండి. తెల్లారేసరికి మసి రాలినట్టు నల్లీగలు. లెక్కలేనన్ని. నా వలే తెచ్చి నా కంట్లో వేసినట్టుందండి."

"ఎవరికైనా చూపించారా?"

"పులస దిగే రోజులు కదండి, ఏరు ఒదిలి ఎక్కడికెళ్తాం? వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగమన్నారు. శుక్లం వస్తోంది, ముదిరాక తీయించుకోవచ్చులే అన్నారు ఇంకొకళ్ళు. పది రోజులకి కిందనుంచి నల్లతెర లేవడం మొదలెట్టిందండి. వరదనీరు రేవులో మెట్టుమెట్టూ ఎక్కుద్ది చూశారూ, అలాగే. వినాయకచవితికి ఆ కన్ను మూసుకుపోయింది. దసరా వెళ్ళాక ఆస్పత్రికి పోతే ఆలస్యమైందన్నారండి."

ఆయన కొంచెముసేపు ఊరకుండెను. పిమ్మట కుడికంటిని చేతితో చూపి, "ఇప్పుడు దీంట్లో మొన్న ఆదివారం ఓ ఈగ వచ్చిందండి. ఒక్కటే. మీ రేడియోలో డాక్టర్లు చెప్తారు కదా, ఇది అదేనంటారా, కాదంటారా?" అని అడిగెను.

మేము వైద్యులము కాము. ఆ పూట ఏమి చేసితిమో తుదకు చెప్పెదము. కాని ఇంటికి వచ్చిన పిమ్మట ఆయన ప్రశ్న మమ్ము విడువలేదు. కంటి ముందు ఎగురు ఆ ఈగ ఎచ్చట నున్నది? అది నిజమా, భ్రమయా? శుక్లమునకు తొలిచిహ్నమా, వేరొకదానికా? ఈ ప్రశ్నలకు మన దేశమున మిక్కిలి పాతకాలపు చరిత్ర కలదు. అందు కొంతభాగము గోదావరి నీరు పారు నేలమీదనే నడచినది.

సుశ్రుతసంహితలో ఉత్తరతంత్రము నేత్రరోగములతోనే ఆరంభమగును. అందు 76 నేత్రరోగములు లెక్కింపబడినవి. చూపునకు ఆధారమైన భాగమును పటలములుగా, అనగా పొరలుగా, విభజించి, దోషము ఏ పొరను చేరినపుడు రోగికి ఏమి కనబడునో వరుసగా చెప్పిరి. మొదటి పొరలో రూపములు మసకబారును. రెండవ పొరలో రోగికి ఈగలు, దోమలు, వెంట్రుకలు, వలలు కానవచ్చును. దూరపు వస్తువు దగ్గరగాను, దగ్గరిది దూరముగాను తోచును. ఎంత యత్నించినను సూదిబెజ్జము కనబడదు. మూడవ పొరలో పైనున్నవి కనబడును గాని క్రిందనున్నవి కనబడవు. పెద్ద వస్తువులు సైతము బట్ట కప్పినట్లుండును. నాలుగవ పొర చేరినపుడు చూపు మూసికొనిపోవును. దానికి లింగనాశమని పేరు.

ఈ వరుసను చదివినప్పుడు మాకు ఒడలు జలదరించినది. ఈగలు, వల, క్రిందినుండి కప్పిన తెర, తుదకు చీకటి. ధవళేశ్వరపు రేవులో విన్న కథయే గదా! అట్లని, నేడు మనము నేత్రపటలము జారుట అను వ్యాధిని ఆనాటివారు వేరుగా గుర్తించిరని చెప్పుట సాహసమగును. వారు పెక్కు వ్యాధులను తిమిరమను ఒక్క త్రాటిపై కూర్చిరి. ఆ త్రాటి చివర మనము శుక్లమని పిలుచుదానిని గూడ కట్టిరి. కాని రోగి చెప్పిన మాటను శ్రద్ధతో విని, ఏది ముందు, ఏది వెనుక యని వ్రాసికొన్న వైద్యుడొకడు ఆ వాక్యముల వెనుక తప్పక యున్నాడు.

ఆ త్రాటినుండియే ఒక చిక్కు పుట్టినది. లింగనాశమునకు సుశ్రుతుడు శలాకతో శస్త్రచికిత్సను చెప్పెను. తరువాతివాడైన వాగ్భటుడు బాగుగా ఏర్పడిన లింగనాశమునే శలాకతో త్రోయవలెననెను. పచ్చిది పనికిరాదు, ముదరనిమ్ము అను మాట అప్పటినుండి వైద్యుని యింటినుండి ప్రజల నోటికి ఎక్కినది. శుక్లమువరకు ఆ కాలమున అది వివేకమే. ఈగలును శుక్లమునకు ముందడుగే యని నమ్మినవాడు ఏమి చేయును? అతడును కూర్చుండి వేచియుండును.

ఇక వేంగికి రండు. ధవళేశ్వరమునకు ఎదుటి యొడ్డున విజ్జేశ్వరమువద్ద బయలుదేరు పడమటి డెల్టా కాలువల నీరు ఏలూరువరకు పోవును. ఏలూరుకు చేరువ పెదవేగియే ప్రాచీన వేంగీపురము. 7వ శతాబ్దిలో మన దేశమున సంచరించిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఆ రాజధానికి నైరృతిదిశగా ఒక ఏకాకియైన కొండయు, దానిపై ఒక స్తూపమును ఉన్నవనియు, బౌద్ధతార్కికుడైన దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రమును అచ్చటనే రచించెననియు వ్రాసినాడు. ఆ దిఙ్నాగుని ప్రధానగ్రంథము ప్రమాణసముచ్చయము. దాని సంస్కృతమూలము చిరకాలము మరుగున పడి, టిబెటు భాషలోని అనువాదమే లోకమునకు మిగిలినది. ఏ జ్ఞానము ప్రత్యక్షము, ఏది ప్రత్యక్షమువలె తోచు మోసము అని విడదీయు సందర్భమున ఆయన తిమిరరోగి చూపును ప్రస్తావించెను. ఆ ఒక్క పదమునకు అర్థము చెప్పుటలో వ్యాఖ్యాతలు తరతరములు తగవులాడిరి. తిమిరము వేరొక భ్రాంతి యగునా, లేక మసకబారిన జ్ఞానమని విశేషణమా యని. తార్కికుల కన్నులలో ఈగలు చేసిన రొద అంతింత కాదు!

దిఙ్నాగుని వాదమును పెంచిన ధర్మకీర్తి న్యాయబిందువున మోసపు చూపునకు కారణములను మరికొంత విప్పిచెప్పెను. తిమిరము, వేగముగా త్రిప్పుట, పడవప్రయాణము, శరీరములోని కలత మున్నగునవి కలుగజేయు భ్రాంతి లేని జ్ఞానమే ప్రత్యక్షమని ఆయన లక్షణము. వ్యాఖ్యాత ధర్మోత్తరుడు వీనికి చోట్లు చూపినాడు. కొరివిని గిరగిర త్రిప్పిన చక్రమువలె కనబడును, తప్పు వస్తువునందున్నది. పడవలో పోవువానికి గట్టుమీది చెట్లు పరుగెత్తునట్లు తోచును. తప్పు మనము నిలిచిన చోట నున్నది. వాతాదుల కలతవలన మండుచున్న స్తంభములు కానవచ్చును, తప్పు శరీరమునందున్నది. తిమిరమునందు మాత్రము తప్పు ఇంద్రియమునందే, కంటియందే, కలదు. గోదావరిపై పడవ యెక్కినవారెవరును ఈ రెండవ ఉదాహరణమును మరువజాలరు. ఈ విభాగము మాకెంతో నచ్చినది. ఏలయన, రేవులోని పెద్దాయన అడిగిన ప్రశ్నలో సగమునకు ఇందు సమాధానము కలదు. ఈగ బయట లేదు, మనస్సులో లేదు, కంటిలో నున్నది.

కాని మిగిలిన సగమున తార్కికులు పొరబడిరని చెప్పక తప్పదు. వారికి తిమిరరోగి చూచు వెంట్రుకలు లేనివానిని ఉన్నవిగా చూచుటకు ఉదాహరణము. అవి లేనివి కావు. ఎట్లన్నది ఇక చెప్పెదము.

పడమటిదేశములలోను కథ ఇట్లే నడచినది. లాటిను భాషలో ఈ మచ్చలకు ఎగురు ఈగలనియే పేరు. 2వ శతాబ్దివాడైన గ్రీకువైద్యుడు గాలెను వానిని కంటిలో దిగు తెరకు, అనగా శుక్లమునకు, తొలిచిహ్నములుగా తలచెను. ఉదరదోషమువలనను ఇట్టివి కనబడుననుచు, రెంటిని వేరుచేయుటకు ఆయన అడుగుమన్న ప్రశ్నలు గొప్పవి. ఒక కంటనా, రెండు కన్నులనా? ఎన్నినాళ్ళనుండి? ఈనాటి వైద్యుడును మొట్టమొదట అడుగునది అదియే. పార్శ్వపు తలనొప్పికి ముందు కొందరికి కోటబురుజుల అంచువలె మెరయు వంకరగీతలు కానవచ్చును. అవి మెదడునుండి పుట్టునవి గనుక ఏ కన్ను మూసికొన్నను పోవు. ఈగ అట్లు కాదు. అది తన కంటిని విడిచి పోదు.

ఆ తరువాత చాలకాలము చెప్పుకొనదగిన మార్పు లేదు. కంటిలోని కటకమే చూచునని అందరును నమ్మిరి. 1604లో కెప్లరు చూపు పడునది కటకముపై కాదు, వెనుకనున్న నేత్రపటలముపై అని నిరూపించినపుడు గాని ఈగలను గూర్చి సరియైన ప్రశ్న వేయుటకే వీలు కలుగలేదు. ఇచ్చట ఒక మాట. సుశ్రుతుని పటలములు వేరు, నేటి వాడుకలో మనము నేత్రపటలమనునది వేరు. కెమెరాలోని ఫిలిమువలె కంటి వెనుకగోడకు అంటియుండి వెలుతురును పట్టుకొను పలుచని పొర ఇది. రెటీనా యనియు వాడుదురు.

సరియైన సమాధానము 1840ల దశకమున దొరికినది. స్కాట్లండులో బ్రూస్టరు, గాటింగెనులో లిస్టింగు, యుట్రెక్టులో డాండర్సు ఇంచుమించు ఒకే కాలమున ఈ పని పట్టిరి. వారి పనిముట్టు మన యింటిలోనే కలదు. ఒక అట్టముక్కకు సూదితో బెజ్జము చేసి, కంటికి చేరువగా పట్టుకొని, తెల్లని ఆకాశమును చూడుడు. సూర్యుని వైపు మాత్రము పొరపాటుననైనను చూడరాదు. అంతవరకు మసకగా నున్న దారములు, పూసలు, గొలుసులు ఆ చిన్న వెలుగు బిళ్ళలో చక్కగా గీసినట్లు కనబడును. బెజ్జమును కొంచెము పైకి, క్రిందికి కదల్చినచో కంటి ముందుభాగమున నున్న వస్తువుల నీడలు ఒక తీరుగను, వెనుకభాగమున నున్నవాని నీడలు వేరొక తీరుగను జరుగును. ఆ జరుగుబాటును కొలిచి, లెక్కకట్టి, ఈగ ఎంత లోతున నున్నదో చెప్పగలిగిరి. అది కటకమునందు లేదు. కటకమునకును నేత్రపటలమునకును నడుమనున్న గాజువంటి తేట జిగురులో, అదియును నేత్రపటలమునకు మిక్కిలి చేరువగా ఉన్నది. డాండర్సును, ఆయన శిష్యుడు డంకనును ఆ జిగురును సూక్ష్మదర్శినిక్రింద పెట్టి, అందు నిజముగానే పోగులు, కణములు ఉన్నట్లు చూచిరి.

అనగా ఈగ నీడ. మబ్బు పట్టిన పగటివేళ అరుగుమీద చేయి చాచి చూడుడు. చేయి అరుగునకు ఆనుకొని యున్నంతసేపు నీడ నల్లగా నుండును. ఎత్తినకొలది కరగి మాయమగును. అట్లే జిగురులో పోగు నేత్రపటలమునకు దగ్గరైనపుడే దాని నీడ కనబడును. ఎండలో కంటిపాప ముడుచుకొని సూదిబెజ్జమువలె పనిచేయును గనుక ఎండవేళ ఈగలు హెచ్చుగా నుండును. దీనినిబట్టియే కాబోలు ఎండదెబ్బ యనియు, వేడిచేసినదనియు మన యిండ్లలో అనుట. ఎండ ఈగను పుట్టింపలేదు, ఉన్నదానిని చూపినది. కన్ను తిరిగినపుడు జిగురుతోపాటు పోగును కొట్టుకొనిపోవును గనుక దానిని సూటిగా చూడబోయిన ప్రతిసారియు అది జారిపోవును. తిమిరరోగి చూచినది లేనిదానిని కాదు. తన కంటిలో నున్నదాని నీడను. దానిని ఈగ యనుటయే భ్రమ, చూపు భ్రమ కాదు.

ఈ సంగతి తేలుచున్న రోజులలోనే ధవళేశ్వరమున ఆనకట్ట లేచుచుండినది. 1847లో ఆర్థరు కాటను ఆధ్వర్యమున మొదలైన పని 1852 నాటికి ముగిసినది. నడుమ 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జు ఆఫ్తాల్మోస్కోపు అను చిన్న అద్దపు పరికరమును ప్రకటించెను. బ్రదికియున్న మనుష్యుని కంటి వెనుకగోడను లోకము మొదటిసారి చూచినది అప్పుడే. రెంటికిని సంబంధమేమియు లేదు. ఒకటి నీటిని నిలుపుటకు, ఒకటి లోపలికి చూచుటకు. అయినను, కంటిలోని సంగతి చెప్పబూనిన మాకు ఆనకట్ట క్రింది రైతుల భాష కంటె మంచి భాష దొరకలేదు.

కంటిలోని ఆ జిగురు సుమారు నాలుగు మిల్లీలీటర్లు, అనగా చిన్నచెంచాడు కంటె కొంచెము తక్కువ. నూటికి 98 పాళ్ళకు మించి నీరే. దానిని ముద్దగా నిలుపునవి సన్నని మాంసకృత్తుల పోగులు. వయస్సు వచ్చినకొలది ఈ ముద్ద గడ్డపెరుగు విరిగి తేట ఊరినట్లు విడిపోవును. పోగులు కలిసి కట్టలు కట్టును. హ్రస్వదృష్టి కలవారికి ఇది ముందుగానే వచ్చును. సామాన్యముగా 50 ఏండ్లు దాటిన పిమ్మట ఏదో ఒకనాడు ఆ ముద్ద ముడుచుకొని, వెనుకనున్న నేత్రపటలమునుండి ఊడివచ్చును. అది రోగము కాదు, వయస్సు. అప్పుడు వలయమువంటి పెద్ద మచ్చ ఒకటి కనబడవచ్చును. ఊడునపుడు నేత్రపటలమును లాగినచో మెరుపు కనబడును. ఆ పొరకు నొప్పి తెలియదు. దానిని గిల్లినను, లాగినను వెలుగు కనబడినదనియే అది చెప్పును. మబ్బులేని రాత్రి పెద్దాయన చూచిన మెరుపు అది.

చాలమందికి ఇంతటితో సరి. కాని ఈ విధముగా హఠాత్తుగా ఈగలో, మెరుపులో కనబడి వైద్యుని చేరినవారిలో సుమారు ఏడుగురికి ఒకరికి, ముద్ద గట్టిగా అంటుకొన్న చోట నేత్రపటలము చిరిగియుండును. చిరిగినచోట రక్తనాళము తెగిన మసి రాలినట్లు చుక్కలు కురియును. ఇక మన డెల్టా రైతునకు చెప్పనక్కరలేదు. గట్టునకు బుంగ పడినది. తేట నీరు ఆ బుంగలోనుండి పొర వెనుకకు చేరి, గోడనుండి దానిని ఊడదీయుచు పోవును. ఊడినంతమేర చూపు పోవును. కంటిలో బొమ్మ తలక్రిందుగా పడును గనుక పైభాగము ఊడినచో క్రిందినుండి తెర లేచినట్లుండును. బుంగ చిన్నదిగా నున్నపుడు ఇసుకబస్తా చాలును. తెల్లవారువరకు ఆగినచో గండి.

20వ శతాబ్దికి పూర్వము ఈ గండిని పూడ్చినవారు దాదాపు లేరు. వైద్యులు పొర వెనుక చేరిన నీటిని తోడిరి. రోగిని నెలల తరబడి కదలకుండ పడుకొనబెట్టిరి. నీరు మరల చేరుచునే యుండెను. స్విట్జర్లండులో లోజాను నగరపు వైద్యుడు జ్యూల్సు గోనెను, మొదట చిరుగు, పిమ్మట నీరు. బుంగను పూడ్చనిదే నీటిని తోడి ప్రయోజనము లేదు అని గట్టిగా పట్టినాడు. చిరుగు ఎచ్చట నున్నదో గంటల తరబడి వెదకి, పటము గీసికొని, కాల్చిన మొనతో సరిగా ఆ చోటనే వాతపెట్టి అతికించెను. 1920ల దశకమంతయు తోటివైద్యులు నమ్మలేదు. 1929లో ఆంస్టర్‌డాములో జరిగిన అంతర్జాతీయ నేత్రవైద్య మహాసభలో గాని ఆయన మాటకు విలువ రాలేదు. లోకమున గొప్ప విషయములు పెక్కు ఇంత సులువైనవే, నమ్మించుటయే కష్టము.

కాల్చిన మొనకు బదులు వెలుగే వచ్చుటకు ఒక గ్రహణము కారణమైనది. 1945లో సూర్యగ్రహణమును వట్టికంటితో చూచి నేత్రపటలము కాల్చుకొన్న ఒక విద్యార్థిని జర్మనీలో మైయర్ ష్విక్కెరాతు అను వైద్యుడు పరీక్షించెను. సూర్యుడు కాల్చి మచ్చ వేయగలిగినపుడు, ఆ మచ్చనే వలసినచోట వేసి చిరుగు చుట్టు అతుకువేయరాదా యని ఆయనకు తోచినది. మొదట ఎండతోను, పిమ్మట బలమైన దీపముతోను చేసి చూపినాడు. 1960లో లేజరు పుట్టిన పిమ్మట ఆ పని నిమిషములలో తేలునదైనది. 1970 ప్రాంతమున అమెరికాలో మాకెమరు కంటి జిగురునే సన్నని గొట్టముతో కోసి తీయు విధానమును కనిపెట్టగా, గండి పడిన కన్నులలోను పెక్కింటిని నిలబెట్టుటకు వీలైనది.

మన నేలమీద ఈ ఈగలకు వయస్సొక్కటే కారణము కాదు. మధుమేహమువలన నేత్రపటలమున పుట్టు బలహీనపు నాళములు పగిలి నెత్తురు జిగురులో కలిసినపుడు మొదట కనబడునది పొగచుట్టయో, సాలెగూడో. 1880లో బర్మింగ్‌హాములో ఈల్సు అను వైద్యుడు యువకులలో మాటిమాటికి వచ్చు ఇట్టి రక్తస్రావమును వర్ణించెను. ఆ వ్యాధి ఐరోపాలో నేడు అరుదు. మన దేశములో ఇప్పటికిని యువకులను పట్టుచున్నది. క్షయకును దానికిని చుట్టరికము కలదని వైద్యులు భావింతురు. కంటిలో వాపు వచ్చినను, దెబ్బ తగిలినను, శుక్లము తీయించుకొన్న పిమ్మటను ఈగలు రావచ్చును. కాబట్టి ఇరువది యేండ్ల కుర్రవాడు కంటిలో పొగ కనబడుచున్నదని చెప్పినపుడు, ముసలివాండ్ల ముచ్చట యని నవ్విపోవరాదు.

చెన్నపట్టణమున 1819లోనే కంటి ఆసుపత్రి వెలసినది. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో వచ్చినది. 1996 మొదలు 2000 వరకు హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 10,293 మంది కన్నులను పరీక్షించిన సర్వేలో పశ్చిమగోదావరి జిల్లాయును ఒకటి. అంధత్వమునకు పెద్ద కారణములు శుక్లమును, అద్దములు లేక పోవుటయునని అందు తేలినది. శుక్లమునకై ఊరూర శిబిరములు జరిగినవి. లక్షలమందికి చూపు వచ్చినది. ఆ మేలును కాదనరాదు. కాని దానివెంటనే వాగ్భటుని కాలపు పాతమాట, ముదరనిమ్ము అను మాట, నేటికిని ఇంటింట నిలిచియున్నది. శుక్లమునకే నేడు ముదురువరకు ఆగనక్కరలేదు. నేత్రపటలమునకు ఆగినచో చెప్పనక్కరయే లేదు. పెద్దాయన ఎడమకంటిని తీసికొన్నది ఏరు కాదు, ఎండ కాదు. శుక్లమనుకొని వేచిన ఆ పదిదినములే.

పాత ఈగ ఒకటో రెండో, ఏండ్లతరబడి మారక ఉన్నచో, దానికి మందు లేదు; అక్కరయు లేదు. కొన్నాళ్ళకు మెదడు దానిని పట్టించుకొనుట మానును. అంగళ్ళలో అమ్ము చుక్కలమందులేవియు దానిని కరిగింపవు. లేజరుతో పగులగొట్టుట, జిగురునే తీసివేయుట కొందరు చేయుదురు గాని, అందలి అపాయము ఈగ కంటె పెద్దది కావచ్చును. అట్లు కాక, హఠాత్తుగా కొత్త ఈగలు మూగినను, ప్రక్కన మెరుపులు మెరసినను, తెర దిగినను, లేచినను ఆ దినమే కంటిపాపను విప్పి చూడగల వైద్యుని చేరవలెను.

ఆ పూట మేము చేసినదియు అంతే. ధ్వనిముద్రణ యంత్రమును కట్టిపెట్టి, పెద్దాయనను మా బండిలోనే రాజమహేంద్రవరము తీసికొనిపోయితిమి. ఒక కంటిని ఈ విధముగా పోగొట్టుకొన్నవారికి రెండవకంటికిని ప్రమాదము హెచ్చని మాకు అంతవరకు తెలియదు. వైద్యుడు చుక్కలు వేసి, గంటసేపు కూర్చుండబెట్టి, తలకు దీపము కట్టుకొని, రెప్పమీద చిన్న పుల్లతో నొక్కుచు కంటి అంచులన్నియు వెదకెను. మేము బయట బల్లపై కూర్చుంటిమి. ఆ వెదకుట ముగియుటకు పట్టిన కాలము మాకు చాల దీర్ఘముగా తోచినది.

చిరుగు లేదు. జిగురు ఊడినది, అంతే. ఆరు వారములకు మరల రమ్మనిరి.

"పులస దిగే వేళకి ఏటిమీదకి పోవచ్చాండి?" అని పెద్దాయన అడిగెను.

"వెళ్ళు. కాని మెరుపు కనబడిన రాత్రి వల అక్కడే వదిలేసి రావాలి. తెల్లారేదాకా ఆగొద్దు" అని వైద్యుడు చెప్పెను.

తిరుగుదారిలో ఆనకట్టవద్ద బండి దిగి, చుక్కలవలన ఇంకను విప్పారియున్న కంటికి చేయి అడ్డము పెట్టుకొని పెద్దాయన నీటివైపు చూచెను. ఎగువన వెండిపళ్ళెము అట్లే యున్నది.

"ఉందండి, ఇక్కడే తిరుగుతోంది" అని నవ్వి, మావైపు తిరిగి, "అవును గాని బాబూ, మీ దారప్పోగు సంగతేంటి? అంతసేపు ఆస్పత్రిలో కూచుని మీరు చూపించుకోలేదే?" అనెను.

మరుసటి సోమవారము మా కంటను గూడ చుక్కలు పడినవి.